గడ్డానికి దెబ్బ, చెవి ముందు విరుపు

హౌస్ సర్జన్‌గా పనిచేస్తున్న రోజులలో ఒక సాయంత్రం ఆరేళ్ళ బాలుని తల్లి ఎత్తుకొని క్యాజువాలిటీకి వచ్చింది. అరుగు మీద ఆడుకొంటూ జారి, గడ్డం మెట్టు అంచుకు తగిలేటట్లు పడ్డాడట. గడ్డం కింద అంగుళం పొడవున చర్మం చీలింది. గాయం కడిగి, నాలుగు కుట్లు వేసి, ధనుర్వాతం సూది వేయించి, వారం తరువాత కుట్లు విప్పించుకొమ్మని చెప్పి పంపాను. కుట్లు చక్కగా కుదిరాయని లోలోపల కొంత సంతోషపడ్డ మాట కూడా నిజం.

ఏడాదిన్నర తరువాత అదే తల్లి అదే బాలునితో వచ్చింది. మచ్చ కనబడీ కనబడకుండా ఉన్నది. కాని నోరు తెరవమంటే పళ్ళ వరుసల మధ్య నా చిటికెనవేలు దూరలేదు. "అన్నం మెత్తగా పిసికి పళ్ళ సందులోంచి తోస్తున్నాను సారూ" అన్నది ఆమె. ఎడమ చెవి ముందరి దవడ కీలు ఎముకతో పూడిపోయి ఒకే ముద్దగా మారిందని ఎక్స్‌రే చూపింది. అరుగు మీదనుంచి పడిన క్షణంలోనే అక్కడి ఎముక నలిగింది. దెబ్బ తగిలింది గడ్డానికి గనుక నేను గడ్డాన్నే చూశాను.

దెబ్బ ఒకచోట తగిలితే ఎముక మరొకచోట ఎందుకు విరుగుతుంది? నేను ఆ కుట్లు వేసేనాటికే దీనికి జవాబు అచ్చయి ఉన్నది. నేను చదవలేదు, అంతే. ఆ జవాబు దొరకడానికి మనుషులు దవడ ఎముకను ఎన్ని విధాలుగా తూచారో, వంచారో, లెక్కగట్టారో మీకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఎముక ఆకారాన్ని మనసులో ఉంచుకోండి. కింది దవడ గుర్రపు నాడా వంటిది. నాడా రెండు కొసలూ వెనుక పైకి తిరిగి, ఒక్కొక్కటి చెవి ముందర గుండ్రని బుడిపెగా ముగుస్తుంది. ఆ బుడిపెను కాండైల్ అంటాము. దాని కింద సన్నని మెడ ఉన్నది. కొసలు రెండూ పుర్రెకు కీళ్ళతో అతుక్కొని ఉన్నందువల్ల ఒక వైపు కదిలితే రెండవ వైపు కదలక తప్పదు. ఎముక వెలుపలి పొర గట్టిది, లోపల స్పాంజి వంటి జల్లెడ ఎముక. పళ్ళు నాటుకొన్న పై అంచు ఒక తీరు, కండరాలు పట్టుకొన్న కింది అంచు మరొక తీరు.

ఈ ఎముక జారితే తిరిగి కూర్చోబెట్టడం ప్రాచీనులకు బాగా తెలుసు. సుమారు మూడువేల ఆరువందల ఏళ్ళ కిందటి ఎడ్విన్ స్మిత్ పపైరస్ అనే ఈజిప్టు వైద్యపత్రంలో, బొటనవేళ్ళు నోటిలోపల దవడ వెనుక భాగం మీద ఆనించి, మిగిలిన వేళ్ళు గడ్డం కింద పట్టి సర్దే పద్ధతి ఉన్నది. నేటికీ మేము చేసేది దాదాపు అదే. హనుసంధి జారినప్పుడు కాపడం పెట్టి, ఎముకలను స్థానంలో నిలిపి, పంచాంగి అనే కట్టు కట్టమని సుశ్రుతుడు చెప్పాడు. హనువు అంటే దవడ. ఇంద్రుని వజ్రాయుధం తగిలి ఎడమ దవడ భగ్నమైనందువల్లనే ఆంజనేయునికి హనుమంతుడనే పేరు వచ్చిందని రామాయణ కథ. విరిగిన దవడను పేరులో మోస్తున్న దేవుడు మన ఊరూరా ఉన్నాడు. గ్రీకు హిపోక్రటిస్ సంప్రదాయంలో విరిగిన చోటికి ఇరుపక్కల పళ్ళను బంగారు తీగతోనో నారదారంతోనో కలిపి కట్టేవారు. వీరందరికీ చేతి నేర్పు ఉన్నది. ఆ ఎముక ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ ముందుగా ఓడుతుంది అన్న ప్రశ్న మాత్రం వారు వేసుకోలేదు.

ఆ ప్రశ్నకు పునాది 17వ శతాబ్దపు ఇటలీలో పడింది. 1638లో గెలీలియో తన చివరి గ్రంథంలో ఎముకల బలాన్ని దూలాల బలంతో పోల్చి చర్చించాడు. జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎముక పొడవుకు మించి లావెక్కక తప్పదని బొమ్మ గీసి చూపాడు. ఆ దారినే నడిచిన బొరెల్లి దవడ దగ్గరకు వచ్చాడు. ఆయన మరణానంతరం 1680-81లో వెలువడిన జంతుచలన గ్రంథంలో, కింది దంతాల మీదుగా తాడు వేసి బరువులు వేలాడదీసి, దవడ ఎంత ఎత్తగలదో కొలిచిన ప్రయోగం ఉన్నది. వచ్చిన అంకె దాదాపు 200 కిలోలు! మెడ కండరాలు కూడా సాయపడి ఉంటాయని నా అనుమానం. ఆరోగ్యవంతుడైన వయోజనుడు దవడపళ్ళతో గట్టిగా కొరికినప్పుడు నేటి పరికరాలు సాధారణంగా చూపేది 50 నుంచి 70 కిలోల బరువుకు సమానమైన బలం. అంకె సంగతి ఎలా ఉన్నా, నోటిని తూకం వేయవచ్చునన్న ఆలోచన అక్కడ పుట్టింది.

తరువాతి మలుపు తొడ ఎముక దగ్గర జరిగింది. 1866 ప్రాంతంలో జూరిచ్‌లో శరీరనిర్మాణ శాస్త్రవేత్త మేయర్ తొడ ఎముక తలను నిలువుగా కోసి, లోపలి సన్నని ఎముక గీతలను గీసి చూపాడు. కుల్మన్ అనే ఇంజనీరు వాటిని చూసి, తాను లెక్కగట్టే క్రేను చేతిలో బలాలు పరుగెత్తే దారులకూ వాటికీ పోలిక ఉన్నదని గుర్తించాడు. దీని ఆధారంగా జూలియస్ వోల్ఫ్ 1892లో ఒక గ్రంథమే రాశాడు. ఎముక తన మీద పడే బలాలను బట్టి తనను తాను మలచుకొంటుందని ఆయన వాదం. క్రేను పోలికలో లోపాలున్నాయని తరువాత చాలామంది చూపారు. మూలభావన నిలిచింది.

దవడలో అటువంటి దారులు ఉన్నాయా? 1925లో జర్మనీలో బెనింగాఫ్ ఒక సులువైన ఉపాయం కనిపెట్టాడు. ఆమ్లంలో నానబెట్టి సున్నం తీసివేసిన మెత్తని ఎముకను గుండ్రని సూదితో గుచ్చితే, రంధ్రం గుండ్రంగా ఉండదు. వెదురు గడకు మేకు కొట్టినట్లు, ఎముక నార దిశలో చీలుతుంది. చీలికలో సిరా పోస్తే గీత కనబడుతుంది. వందల గుచ్చుళ్ళు కలిస్తే ఎముక నార పటం తయారవుతుంది. 1948లో స్వీడన్‌కు చెందిన సీపెల్ దవడల బలరేఖల మీద విస్తారమైన పరిశీలన ప్రచురించాడు. దవడ కింది అంచు పొడవునా నార వరుసగా సాగుతుందని, అన్ని చోట్లా ఒకే తీరున ఉండదని ఇటువంటి పటాల వల్ల తెలిసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి; మళ్ళీ దీని దగ్గరకు రావలసి ఉన్నది.

ఇక నా బాలుని సంగతి. 1961లో అమెరికాలో డొనాల్డ్ హ్యూల్కీ దవడ ఎముకలకు స్ట్రెస్‌కోట్ అనే పెళుసు లక్క పూశాడు. యంత్రభాగాలను పరీక్షించడానికి ఇంజనీర్లు వాడే పూత అది. ఎముక సాగిన చోట పూత పగుళ్ళు వేస్తుంది, నొక్కుకొన్న చోట వేయదు. ఆ ఎముకలకు దెబ్బలు తగిలించి చూస్తే, గడ్డం మీద కొట్టినప్పుడు పగుళ్ళు దెబ్బ తగిలిన బయటి ముఖాన కాదు, రెండు చోట్ల ప్రధానంగా కనబడ్డాయి. ఒకటి గడ్డం లోపలి ముఖం, నాలుక వైపున. రెండవది చెవి ముందరి కాండైల్ మెడ.

కారణం చెరకు గడలో ఉన్నది. గడను మోకాలికి ఆనించి విరిచినప్పుడు చీలిక మోకాలి వైపున మొదలు కాదు, ఎదుటి వైపున, గడ సాగిన చోట మొదలవుతుంది. ఎముక కూడా నొక్కుడును బాగా ఓర్చుకొంటుంది, సాగదీతను అంతగా ఓర్చుకోలేదు. పొడవు ఎముకల గట్టి పొర మీద జరిగిన పరీక్షలలో సాగదీతకు ఓర్చే బలం, నొక్కుడుకు ఓర్చే బలంలో మూడింట రెండు వంతులకు అటూ ఇటూ ఉంటుంది. గడ్డం మీద దెబ్బ పడితే నాడా చదునై చేతులు విచ్చుకోజూస్తాయి. లోపలి ముఖం సాగుతుంది. కొసలు రెండూ పుర్రె గుంటలలో ఇరుక్కొని ఉన్నందువల్ల దెబ్బ అంతా ఎముక గుండా వెనుకకు పరుగెత్తి, అన్నిటికంటె సన్నని మెడ దగ్గర దానిని వంచుతుంది. ఒక విధంగా ఇది మేలే. మెడ విరగడంలో దెబ్బ బలం చాలావరకు ఖర్చవుతుంది గనుక కాండైల్ పుర్రె అడుగును చీల్చుకొని మెదడువైపు పోవడం చాలా అరుదు. పిల్లలలో ఆ మెడ పొట్టిగా, లావుగా, నెత్తురు నిండి ఉంటుంది. అందువల్ల తరచు మెడ విరగడానికి బదులు కాండైల్ తలే నలుగుతుంది. కీలులో నెత్తురు చేరుతుంది. నొప్పికి బిడ్డ నోరు కదపడు. కదలని కీలులో ఆ నెత్తురు క్రమంగా ఎముకగా మారుతుంది.

విరిగేటప్పటి సంగతి ఇలా తేలింది. నమిలేటప్పుడు ఏమి జరుగుతుందన్నది వేరే వివాదం. దవడ తులాదండం వంటిదా, కాదా అన్న తగవు ఇరవయ్యో శతాబ్దమంతా నడిచింది. కాదన్నవారి దృష్టిలో నమిలేటప్పుడు కీలు మీద బరువే పడదు. 1975లో విలియం హైలాండర్ తులాదండం పక్షాన గట్టిగా వాదించి, తరువాతి ఏళ్ళలో మకాక్ కోతుల దవడ ఎముకకు స్ట్రెయిన్ గేజ్‌లు అతికించి, అవి నములుతూ ఉండగానే కొలిచాడు. ఎముక సాగితే గేజ్‌లోని సన్నని తీగ సాగి, దాని విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పే కొలత. కీలు మీద బరువు పడుతున్నదని ఆ కొలతలు చూపాయి. ఒక వైపున నములుతున్నప్పుడు రెండవ వైపు దవడ పై అంచు సాగి, కింది అంచు నొక్కుకొంటుంది. నమలడం చివరిఘట్టంలో రెండు చేతులూ పక్కలకు లాగబడతాయి. పట్టకారు రెండు కొసలను పట్టి విడదీస్తే వంపు లోపలి ముఖానికి ఎంత కష్టమో గడ్డం లోపలి ముఖానికీ అంతే. వానరజాతుల గడ్డం ఎముక మందంగా ఉండడానికి హైలాండర్ చెప్పిన కారణాలలో ఇదొకటి.

ఈ పై అంచు, కింది అంచు గొడవ పండితులది మాత్రమే అనుకొనేరు. రోగి నోటికి దీనితో నేరుగా పని ఉన్నది. 1887లో అమెరికాలో గిల్మర్ పై పళ్ళనూ కింది పళ్ళనూ తీగలతో కలిపి బిగించి, విరిగిన దవడను అతికించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. మేము చదువుకొన్ననాటికి కూడా అదే ప్రధాన చికిత్స. నాలుగు నుంచి ఆరు వారాల పాటు నోరు బిగించి ఉంచేవారు. రాగిజావ, పప్పుకట్టు, మజ్జిగ పళ్ళ సందులోంచి పీల్చుకోవాలి. వాంతి వస్తే ప్రాణాపాయం గనుక తీగలు కత్తిరించే కట్టరు మంచం పక్కనే వేలాడుతూ ఉండేది. రోగులు చిక్కి సగమయ్యేవారు. బయటినుంచి కోసి పెద్ద లోహపు పలకలు బిగించే పద్ధతులు వచ్చినా, ముఖం మీద మచ్చ, ముఖ నాడికి ప్రమాదం తప్పేవి కావు.

1973లో బోర్డోలోని మిషెలే చిన్న పలకలు వాడి చూపాడు. స్ట్రాస్‌బర్గ్‌లో మాక్సిమ్ షాంపీ బృందం దానికి లెక్క కట్టింది. కొరికినప్పుడు దవడలో సాగేది ఏ గీత వెంట, నొక్కుకొనేది ఏ గీత వెంట అని నమూనాల మీద పరీక్షించి, 1970ల చివరి భాగంలో పలక పెట్టవలసిన ఆదర్శరేఖల పటం ఇచ్చింది. ఆలోచన ఎంత తేటగా ఉన్నదో చూడండి. దవడ మూల దగ్గర విరిగితే, కొరికిన ప్రతిసారీ పై అంచున సందు విచ్చుకొంటుంది, కింది అంచున ఎముకలు తమంత తామే ఒరుసుకొని మూసుకొంటాయి. మరి విచ్చుకొనే పై అంచున ఒక్క చిన్న పలక బిగిస్తే చాలు, మిగిలిన పని కొరుకుడే చేసిపెడుతుంది. కోరపళ్ళ మధ్య ముందుభాగంలో మాత్రం మెలి కూడా పడుతుంది గనుక అక్కడ రెండు పలకలు కావాలి. కోత నోటిలోపలినుంచే. మరలు ఎముక వెలుపలి పొర వరకే దిగుతాయి గనుక పంటి వేళ్ళకు, నాడికి ముప్పు తగ్గింది. నోరు బిగించే అవసరం చాలామందికి తప్పింది. ఎముక విరిగిన మరునాడే పలుచని గంజిని మామూలుగా నోరు తెరచి తాగగలగడం చిన్న విషయం కాదని, ఆరు వారాలు తీగలతో గడిపిన వారినెవరినైనా అడిగితే చెబుతారు.

ఈలోగా కంప్యూటరు వచ్చింది. విమానపు రెక్కల వంటి క్లిష్ట నిర్మాణాలను చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ఒక్కొక్క ముక్కకు సమీకరణం రాసి, అన్నిటినీ కలిపి సాధించే పద్ధతికి 1960లో క్లఫ్ ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అని పేరు పెట్టాడు. 1973లో గుప్తా, నోయెల్, గ్రెనోబుల్ మానవ దవడకు ఇటువంటి గణిత నమూనా ప్రచురించారు. 1971లో తొలి రోగికి తీసిన సి.టి. స్కాన్ తరువాతి కాలంలో ఆకారపు సమస్యను తీర్చింది. 1992లో వాంకూవర్‌లోని కొరియోత్, రోమిలీ, హానమ్ పళ్ళు, పంటి చుట్టూ ఉండే మెత్తని పొర, కండరాల లాగుడు అన్నీ చేర్చి మూడు కొలతలలో దవడ నమూనా కట్టారు. గట్టిగా కొరికినప్పుడు దవడ వంగడమే గాక తన అక్షం చుట్టూ మెలికపడుతుందని అటువంటి నమూనాలు చూపాయి.

అయితే కంప్యూటరుకు ఎముక గట్టిదనం అంకె మనమే ఇవ్వాలి. దీనిని యంగ్ గుణకం అంటారు. ఉక్కుకు సుమారు 200 గిగాపాస్కల్‌లు, టైటానియంకు సుమారు 110. దవడ గట్టి పొరకు ఎన్నో దంతవైద్య నమూనాలలో 13.7, స్పాంజి ఎముకకు దానిలో పదోవంతు 1.37 కనిపిస్తాయి. ఒకరి పత్రంలోనుంచి మరొకరు ఎత్తి రాసుకొన్న అంకెలు ఇవి. పైగా అన్ని దిక్కులా ఎముక ఒకే తీరున గట్టిగా ఉంటుందని వాటి వెనుక ఊహ. బెనింగాఫ్ సూది గుచ్చి చూపిన నార సంగతి అప్పటికి అరవై ఏళ్ళ పాతది. అయినా లెక్కకు సులువు కాదని పక్కన పెట్టారు.

దానిని తిరిగి లెక్కలోకి తెచ్చినవారిలో డల్లాస్‌లోని పాల్ డెకో ముఖ్యుడు. దవడ ఎముక నుంచి చిన్న బిళ్ళలు కోసి, వాటి గుండా వేర్వేరు దిక్కులలో అల్ట్రాసౌండ్ తరంగాలు పంపారు. గట్టి దిశలో ధ్వని వేగంగా పోతుంది. వేగాన్నీ సాంద్రతనూ కలిపి గుణకం లెక్కించవచ్చు. 2003లో ఆయన, ష్వార్ట్జ్-డాబ్నీ కలిసి ప్రచురించిన కొలతలు దవడలోని ఎన్నో చోట్ల వేరువేరుగా తీసినవి. ఎముక పొడవు దిశలో గుణకం 20 గిగాపాస్కల్‌లకు అటూ ఇటూ ఉంటే, అడ్డదిశలో దాదాపు సగానికి పడిపోతుంది. చోటు మారితే అంకె మారుతుంది, మనిషి మారితే మారుతుంది. తాటిదూలాన్ని నిలువుగా చీల్చడానికీ అడ్డంగా నరకడానికీ ఉన్న తేడా మన వడ్రంగులకు కొత్త కాదు. ఒకే అంకెతో కట్టిన నమూనా బలం ఎటు పారుతుందో స్థూలంగా చెబుతుంది. ఇంప్లాంట్ మర చుట్టూ ఎముక ఎంత శ్రమపడుతుందో కచ్చితంగా చెప్పమంటే తడబడుతుంది. కనుక రంగురంగుల కంప్యూటర్ చిత్రం చూపి ఎవరైనా మిమ్మల్ని ఒప్పించబోతే, అందులో వేసిన అంకె ఎవరి ఎముకదని అడగడం మీ హక్కు.

జీవించి ఉన్న దవడలో ఈ వంపు నిజమేనా అన్న సందేహం మీకు రావచ్చు. 1964లో ఇంగ్లండులో ఆస్బర్న్, టామ్లిన్ కొలిచి చూపారు. నోరు బాగా తెరిచినప్పుడు కింది దవడ రెండు చేతులూ మిల్లీమీటరులో కొద్ది భాగం దగ్గరకు వస్తాయి. కట్టుడుపళ్ళకు అచ్చు తీసేటప్పుడు నోరు మరీ పెద్దగా తెరవవద్దని అనుభవజ్ఞులైన దంతవైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

పళ్ళు పోయిన తరువాత వోల్ఫ్ సూత్రం ప్రతి నోటిలోనూ కనిపిస్తుంది. పంటి ద్వారా వచ్చే లాగుడు లేనప్పుడు పై అంచు కరుగుతూ పోతుంది. కట్టుడుపళ్ళు పెట్టుకొన్నవారిని 25 ఏళ్ళ కాలవ్యవధిలో పరిశీలించిన టాల్‌గ్రెన్ 1972లో చూపినదాని ప్రకారం, కింది దవడ ముందుభాగపు గట్టు పై దవడ కంటె దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా అరుగుతుంది. చివరకు కొందరిలో దవడ పెన్సిలు మందానికి వస్తుంది. షాంపీ రేఖల లెక్క అక్కడ పనిచేయదు. ఒరుసుకోవడానికి కింది అంచున ఎముకే మిగలదు గనుక పెద్ద పలక వేయవలసి ఉంటుంది.

హ్యూల్కీ లక్క చెప్పిన సంగతిని వాడుకోవడానికి మాత్రం యంత్రం అవసరం లేదు. బిడ్డ గానీ, వృద్ధులు గానీ, సగం హెల్మెట్‌తో బండి మీదనుంచి పడినవారు గానీ గడ్డం చీలి వస్తే, రెండు చెవుల ముందూ మీ వేళ్ళు ఆనించి నోరు మెల్లగా తెరచి మూయమనండి. అక్కడ నొప్పి ఉన్నా, తెరిచేటప్పుడు గడ్డం ఒక పక్కకు ఒరిగినా, పళ్ళు మునుపటిలా కలవడం లేదన్నా, చెవిలోంచి నెత్తురు వచ్చినా కుట్లతో సరిపెట్టుకోకుండా దవడ మొత్తం కనబడే ఎక్స్‌రే తీయించండి. మామూలుగా మనిషి తన మూడు వేళ్ళను నిలువుగా పళ్ళ మధ్య పెట్టుకోగలడు. చిన్నపిల్లలలో ఇటువంటి విరుపుకు తరచు శస్త్రచికిత్స అక్కరలేదు. మెత్తని ఆహారం, నొప్పికి మందు, వైద్యుని పర్యవేక్షణలో కొద్ది రోజులలోనే నోరు కదిలించే అభ్యాసం, నెలల తరబడి తిరిగి చూపించుకోవడం కావాలి.

ఆ బాలునికి దంతవైద్య కళాశాలలో పూడిన ఎముకను కోసి తీసివేశారు. తల్లి రోజుకు నాలుగైదుసార్లు, ఏడుస్తున్నా వదలకుండా, చెక్క పుల్లలు ఒకదానిమీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టి నోరు తెరిపించేది. నేను చివరిసారి చూసినప్పుడు రెండు వేళ్ళు పట్టేటంతగా తెరుచుకొంటున్నది. గడ్డం మాత్రం ఎడమవైపు కొద్దిగా ఒరిగే ఉన్నది.